యాప్రాల్ మిట్టలకి 1000 వాట్లు అక్కర్లేదు: మిడ్-డ్రైవ్ సైకిల్ బిల్డ్ చేసేవాళ్లకి నా మాట

ఎలక్ట్రిక్ సైకిల్ సొంతంగా బిల్డ్ చేద్దామనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎన్ని వాట్ల మోటార్ పెట్టావ్ బ్రో?" 250 అని చెప్పగానే మొహం చిన్నబోతుంది. "అంతేనా? నేనైతే వెయ్యి పెడదామనుకుంటున్నా" అంటారు.

ఈ ఆర్టికల్ ఆ వెయ్యి గురించే. నా వాదన ముందే చెప్పేస్తా. సికింద్రాబాద్‌లో, అందులోనూ మా యాప్రాల్ లాంటి మిట్టపల్లాల ఏరియాలో సొంతంగా సైకిల్ బిల్డ్ చేసుకునేవాళ్లు మిడ్-డ్రైవ్ మోటారే పెట్టుకోండి. కానీ 250 వాట్లు దాటొద్దు. మోటార్ దగ్గర మిగిలిన డబ్బు బ్యాటరీ మీద పెట్టండి. ఎందుకో లెక్కలతో సహా చూద్దాం.

హబ్ మోటారా, మిడ్-డ్రైవా?

మన దగ్గర షాపుల్లో దొరికే ఎలక్ట్రిక్ సైకిళ్లలో ఎక్కువ వాటికి మోటార్ వెనక చక్రం హబ్‌లోనే ఉంటుంది. సింపుల్, చవక, రిపేర్లు కూడా తక్కువ. చదునైన రోడ్డు మీద హాయిగా పోతుంది. మిడ్-డ్రైవ్‌లో మోటార్ పెడల్స్ మధ్యలో, క్రాంక్ తిరిగే చోట కూర్చుంటుంది. హబ్ మోటార్ నేరుగా చక్రాన్ని తిప్పుతుంది. మిడ్-డ్రైవ్ చైన్‌ని లాగుతుంది. అంటే మీ కాళ్లకి ఉన్న గేర్లే మోటార్‌కి కూడా ఉంటాయన్నమాట.

యాప్రాల్ చూసినవాళ్లకి ఈ తేడా విలువ చెప్పనక్కర్లేదు. కౌకూర్ వైపు వెళ్లినా, సైనిక్‌పురి వైపు వెళ్లినా రోడ్డు ఒక్క కిలోమీటర్ కూడా ఒకే ఎత్తులో ఉండదు. రాళ్లు, గుట్టల మధ్యలో పుట్టిన కాలనీలు కదా. మెయిన్ రోడ్డు వదిలి కాలనీల్లోకి తిరిగితే ఇంకా నిటారుగా ఉండే సందులు ఎన్నో.

ఇప్పుడు కాస్త ఫిజిక్స్. మోటార్‌లో టార్క్ రెట్టింపు కావాలంటే కరెంట్ రెట్టింపు కావాలి. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంట్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. హబ్ మోటార్ 25 కిలోమీటర్ల వేగంలో ఇచ్చే పవర్‌నే 12 కిలోమీటర్ల వేగంలో ఎత్తు ఎక్కుతూ ఇవ్వాలంటే, సగం స్పీడ్‌లో రెట్టింపు టార్క్ ఇవ్వాలి. అదే పని, నాలుగు రెట్ల వేడి. అందుకే చిన్న హబ్ మోటార్లు పొడుగాటి ఎత్తుల మీద ఉసూరుమంటాయి.

మిడ్-డ్రైవ్‌లో మీరు గేర్ మార్చేస్తారు. నా సైకిల్‌కి ముందు 42 పళ్ల చైన్‌రింగ్, వెనక పెద్ద గేర్ 34 పళ్లు, చక్రం 27.5 అంగుళాలు. 12 కిలోమీటర్ల వేగంలో ఎక్కుతుంటే పెడల్స్ నిమిషానికి దాదాపు 75 సార్లు తిరుగుతాయి. చదును మీద 25లో వెళ్తూ వెనక 17 పళ్ల గేర్‌కి మారినా దాదాపు అంతే. అంటే ఎత్తు వచ్చినా, చదును వచ్చినా మోటార్ తనకి నచ్చిన స్పీడ్‌లోనే తిరుగుతోంది. దానికి ఎత్తు ఎక్కుతున్నట్టే తెలియదు. మిడ్-డ్రైవ్ గొప్పతనం మొత్తం ఇంతే. చెప్పుకోవడానికి చిన్నదే, రోజూ తొక్కేవాడికి చాలా పెద్దది.

సరే, ఎత్తు ఎక్కడానికి ఎంత పవర్ కావాలి?

నా బరువు, సైకిల్, కిట్, ల్యాప్‌టాప్ బ్యాగ్ అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. 8 శాతం ఎత్తు, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 8 మీటర్లు పైకి. ఊరి రోడ్లలో ఇది బాగా నిటారు కిందే లెక్క. దాని మీద 12 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి భూమ్యాకర్షణని ఎదిరించడానికే 260 వాట్లు, టైర్ల రాపిడికి ఒక 30, గాలికి ఓ పదిహేను. మొత్తం 300 పైచిలుకు. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి 100 వాట్లు తొక్కగలడు. మిగిలిన 200 చిల్లర మోటార్ ఇవ్వాలి. 250 వాట్ల మోటార్ సరిగ్గా సరిపోతుంది, ఇంకాస్త మిగులుతుంది కూడా.

చదును మీద 25 కిలోమీటర్ల వేగానికి మొత్తం 185 వాట్ల దగ్గర చాలు. అందులో సగం మీ కాళ్లే ఇస్తాయి.

మరి ఈ 1000 వాట్లు దేనికి? అదే మనిషి, అదే సైకిల్, 45 కిలోమీటర్ల వేగం అని లెక్క వేయండి. గాలి ఒక్కదానికే 670 వాట్లు పైన, మొత్తం 800 దాకా. లెక్క సరిపోయింది కదా. వెయ్యి వాట్ల కిట్ కొనేవాళ్లు "మా ఏరియాలో ఎత్తులు ఎక్కువ బ్రో" అంటారు గానీ, వాళ్లు కొంటున్నది వేగం. ఎత్తు అనేది ఇంట్లో చెప్పుకునే కారణం.

వేగం కావాలనుకోవడం నేరమేం కాదు. కానీ అది సైకిల్ మీద ఎందుకు? 25 నుంచి 45కి వెళ్తే ఆపాల్సిన శక్తి మూడు రెట్ల పైన పెరుగుతుంది. సైకిల్ బ్రేకులు, ఫోర్కు, రిమ్ములు దానికోసం తయారైనవి కాదు. 45లో వెళ్లాలనుకుంటే రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోవడమే తెలివైన పని. బ్రేకులు, లైట్లు, ఇన్సూరెన్స్ అన్నీ దాంతోనే వస్తాయి.

చట్టం ఏమంటుందో ఒకసారి చూడండి

కేంద్ర మోటార్ వాహనాల నిబంధనలు, 1989లో 2(యు) అని ఒక క్లాజ్ ఉంది. దాని ప్రకారం మోటార్ 30 నిమిషాల పవర్ 0.25 కిలోవాట్ల కన్నా తక్కువ, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండిని మోటార్ వాహనంగా లెక్కించరు. పెడల్ అసిస్ట్ సైకిల్ అయితే 25 దగ్గరికి వచ్చేసరికి మోటార్ సాయం క్రమంగా తగ్గి ఆగిపోవాలి, తొక్కడం ఆపినా ఆగిపోవాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి.

ఇక్కడ "30 నిమిషాల పవర్" అన్న మాట గమనించండి. మోటార్ ఆగకుండా అరగంట పాటు ఇవ్వగలిగే పవర్ అది. మిట్ట మీద కొన్ని సెకన్లు అంతకన్నా ఎక్కువ లాగడం వేరే విషయం. అందుకే 250 వాట్లు అని రాసి ఉన్న మంచి మిడ్-డ్రైవ్, ఆ అంకె చూసి మీరు ఊహించుకున్న దానికన్నా బాగా లాగుతుంది.

ఈ గీత దాటితే మీ సైకిల్ చట్టం దృష్టిలో మోటార్ వాహనం. అప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి, లైసెన్స్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. ఇంట్లో బిగించిన సైకిల్‌కి ఇవేవీ రావు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. నన్నడిగితే జరిమానా పెద్ద విషయం కాదు. సాయంత్రం వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన్ని మీ 45 కిలోమీటర్ల సైకిల్ గుద్దిందనుకోండి. ఆస్పత్రి బిల్లు, నష్టపరిహారం ఏ కంపెనీ కట్టదు. మీరు కట్టాలి, మీ దగ్గర లేకపోతే మీ నాన్న కట్టాలి. మోటార్ కొనేముందు ఆలోచించాల్సిన ఖర్చు ఇది.

యూట్యూబ్‌లో మనం చూసే బిల్డ్స్‌లో సగం అమెరికావి. అక్కడి ఫెడరల్ చట్టం 2002 నుంచే 750 వాట్ల లోపు, 20 మైళ్ల వేగం లోపు ఉన్నవాటిని సైకిళ్ల కింద చూస్తోంది. అందుకే వాళ్లకి 750 మామూలు విషయం. యూరప్‌లో మనలాగే 250 వాట్లు, 25 కిలోమీటర్లు. కొండలు, పర్వతాలు ఉన్న దేశాల్లో కూడా ఆ 250తోనే బతుకుతున్నారు. యాప్రాల్ మిట్టలు వాటికన్నా పెద్దవేం కావు.

డబ్బంతా పెట్టాల్సింది బ్యాటరీ మీద

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్లో జరిగింది మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటల్ గదులు. కింద అంటుకున్న మంటల పొగ పై అంతస్తులకి ఎక్కి 8 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ఇవన్నీ కంపెనీలు తయారు చేసిన బ్యాటరీలు.

ఆ ఏడాది ప్రమాదాల తర్వాత కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసింది. 2022 డిసెంబర్ 1 నుంచి మొదటి దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ. సెల్స్ మధ్య ఎడం, ఒక సెల్ అంటుకుంటే మిగతావాటికి పాకకుండా జాగ్రత్త, బీఎంఎస్‌కి గట్టి నియమాలు, ఇలా చాలా ఉన్నాయి. కానీ అది స్కూటర్లు, ఆటోల లాంటి రిజిస్ట్రేషన్ ఉన్న బళ్ల కోసం. మనం ఏదో ఒక షాపులో చేయించుకునే సైకిల్ ప్యాక్‌ని ఆ గేటు దగ్గర ఎవరూ ఆపి చూడరు. చూడాల్సింది మనమే.

వెయ్యి వాట్ల మోజు అసలు ప్రమాదంగా మారేది ఇక్కడే. బాగా అమ్ముడయ్యే 48 వోల్టుల 1000 వాట్ల మిడ్-డ్రైవ్ బఫాంగ్ బీబీఎస్‌హెచ్‌డీ. దాని కంట్రోలర్ 30 ఆంపియర్లు లాగుతుంది. మీ ప్యాక్‌లో 4 సెల్స్ పారలల్‌లో ఉంటే ఒక్కో సెల్ మీద 7.5 ఆంపియర్లు. కెపాసిటీ ఎక్కువ అని అమ్మే చాలా 18650 సెల్స్‌కి అది దాదాపు హద్దు. అదే నా సైకిల్‌లో నేను కంట్రోలర్‌ని 12 ఆంపియర్లకి లాక్ చేశా. ఒక్కో సెల్‌కి 3 ఆంపియర్లు. ఏప్రిల్ ఎండలో ఎక్కినా ప్యాక్ గోరువెచ్చగా కూడా అవ్వదు. చిన్న మోటార్ పెట్టుకుంటే బ్యాటరీ ప్రశాంతంగా ఉంటుంది. బ్యాటరీ ప్రశాంతంగా ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

వెయ్యి వాట్లు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఏం చేస్తారో తెలుసా? మోటార్‌కే బడ్జెట్ అయిపోతుంది. అప్పుడు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసి కొత్త రేపర్ చుట్టిన సెల్స్‌తో చవక ప్యాక్ చేయిస్తారు. ఎక్కువ లాగే మోటార్, తక్కువ ఇవ్వగలిగే సెల్స్. ఇంతకన్నా చెడ్డ జోడీ ఉండదు.

ప్యాక్ చేసేవాళ్ల దగ్గర నేను పట్టుబట్టి అడిగినవి ఇవీ:

సెల్ కంపెనీ, మోడల్ నంబర్ బిల్లు మీద రాసివ్వాలి.
ప్యాక్ మూసేముందు ప్రతి పారలల్ గ్రూప్ వోల్టేజ్, కెపాసిటీ నా కళ్లముందు చూపించాలి.
సెల్స్‌ని కట్టగా చుట్టకుండా ప్లాస్టిక్ హోల్డర్లలో, మధ్యలో ఎడంతో పెట్టాలి.
నికెల్ స్ట్రిప్ స్పాట్ వెల్డింగే చేయాలి, సెల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు.
బీఎంఎస్‌కి టెంపరేచర్ సెన్సర్ ఉండాలి, ప్లస్ వైర్ మీద ఫ్యూజ్ ఉండాలి.
చార్జర్ 10 సెల్స్ సిరీస్‌కి సరిపడా 42 వోల్టుల దగ్గర ఆగాలి. మల్టీమీటర్‌తో కొలిచి తీసుకున్నా.

ఇవి అడిగితే కొంతమంది "నమ్మకం లేదా తమ్ముడూ?" అంటారు. నమ్మకం ఉంది అన్నా, అయినా చూపించు అనండి. చూపించనివాడి దగ్గర కొనకండి.

ఇక చార్జింగ్. పడుకునే గదిలో వద్దు. మెయిన్ డోర్ పక్కన వద్దు, మెట్ల దగ్గర అసలే వద్దు. మంట వస్తే మీరు బయటికి వెళ్లాల్సిన దారి అదే కదా. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ప్లగ్ పెట్టొద్దు, ఒక గంట చల్లారనివ్వండి. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు. మా అమ్మ పెట్టిన రూల్ ఇంకా సింపుల్: "నువ్వు మెలకువగా ఉంటేనే అది చార్జింగ్‌లో ఉండాలి." ఏ మాన్యువల్‌లోనూ ఇంత బాగా రాసి నేను చూడలేదు.

అమెరికా నుంచి వచ్చే బావతోనో, అక్కతోనో బ్యాటరీ తెప్పించుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. విమానంలో ప్రయాణికులు 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీ తేకూడదు. సైకిల్ ప్యాక్‌లు మామూలుగా దానికన్నా పెద్దవే ఉంటాయి. మోటార్ బ్యాగులో వస్తుందేమో గానీ బ్యాటరీ రాదు.

నా బిల్డ్‌లో ఏముంది, ఎంతయింది

మోటార్ టాంగ్‌షెంగ్ టీఎస్‌డీజెడ్2, 36 వోల్టులు, 250 వాట్లు. దీన్ని తీసుకోవడానికి ముఖ్య కారణం టార్క్ సెన్సర్. బఫాంగ్ బీబీఎస్ సిరీస్ కిట్లు పెడల్ తిరుగుతోందా లేదా అన్నది చూస్తాయి. ఇది ఎంత గట్టిగా తొక్కుతున్నామో చూస్తుంది. మీరు కొంచెం తొక్కితే కొంచెం, గట్టిగా తొక్కితే గట్టిగా సాయం. ట్రాఫిక్‌లో సడన్‌గా ముందుకి దూకదు. మోటార్ ఉన్న సంగతి మర్చిపోయి, ఈరోజు కాళ్లలో బలం బాగా ఉందే అనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇంకో ఆకర్షణ ఉంది. పాత టీఎస్‌డీజెడ్2 కంట్రోలర్‌లో ఉండేది ఎస్‌టీఎం8 మైక్రోకంట్రోలర్. దానికి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఉంది. ఎస్‌టీ-లింక్ ప్రోగ్రామర్ ఒకటి ఉంటే కరెంట్ లిమిట్, స్పీడ్ లిమిట్, టార్క్ సెన్సర్ స్పందన అన్నీ మనమే సెట్ చేసుకోవచ్చు. ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌లో బగ్గులు వెతుక్కునే మనకి, మనం మార్చిన ఒక్క అంకె మోకాలికి తెలియడం భలే తృప్తి. కానీ అదే టూల్‌తో లిమిట్లు తీసేయొచ్చు కూడా. తీసేయాలా వద్దా అన్నది పెంపకం మీద ఆధారపడి ఉంటుంది.

ఖర్చు ఇలా అయింది: గేర్ల సైకిల్ 16,000. మోటార్ కిట్, కస్టమ్స్ సుంకంతో కలిపి 31,000. 36 వోల్టుల 10.4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, చార్జర్ 17,500. మంచి బ్రేక్ ప్యాడ్లు, 8 స్పీడ్ చైన్, లైట్లు, వైర్లు, చిల్లర సామాను 4,500. మొత్తం 69,000. నట్లు, బోల్టులు, టూల్స్‌కి రాణిగంజ్, కనెక్టర్లు, వైర్లకి కోఠిలో గుజరాతీ గల్లీ. శనివారాలు రెండు పోయాయి.

ఈ బ్యాటరీలో 375 వాట్-అవర్ల దాకా శక్తి ఉంటుంది. మా రోడ్ల మీద నాకు 30 కిలోమీటర్లు నిక్కచ్చిగా వస్తుంది. కాళ్లు కూడా పని చేస్తే ఇంకొంచెం.

కిట్ ఆర్డర్ చేసేముందు సైకిల్ బాటమ్ బ్రాకెట్ తప్పకుండా చూడండి. మరలు ఉన్న 68 లేదా 73 మిల్లీమీటర్ల గొట్టం అయితేనే ఈ కిట్లు నేరుగా ఎక్కుతాయి. ప్రెస్-ఫిట్ ఫ్రేములకి అడాప్టర్ కావాలి. ఫ్రేమ్ కింద కేబుల్ గైడ్ అడ్డం వస్తుందేమో, చైన్ స్టే మోటార్‌కి తగులుతుందేమో కూడా చూసుకోవాలి. డిస్క్ బ్రేకులు ఉన్న సైకిల్ అయితేనే మొదలుపెట్టండి.

మిడ్-డ్రైవ్‌తో బాధలు లేవా?

ఉన్నాయి, దాచడం ఎందుకు? మోటార్ బలం, కాళ్ల బలం రెండూ ఒకే చైన్ మీద పడతాయి. చైన్, క్యాసెట్ మామూలు సైకిల్ కన్నా త్వరగా అరుగుతాయి. మోటార్ లాగుతుండగా గేర్ మారిస్తే పళ్లు విరిగినంత శబ్దం వస్తుంది. మార్చే క్షణంలో తొక్కడం కాస్త వదలాలి. ఇది అలవాటు కావడానికి వారం పడుతుంది. లోపల ఒక నైలాన్ గేర్ ఉంటుంది, అది ఎప్పటికైనా మార్చాల్సిన పార్టు. పొడుగాటి ఎత్తుల మీద ఈ మోటార్ వేడెక్కుతుందన్న పేరు కూడా ఉంది. పెద్ద గేర్‌లో వేసుకుని పెడల్స్ వేగంగా తిప్పేవాళ్లకి ఆ ఇబ్బంది తక్కువ. బ్రేక్ వేస్తే బ్యాటరీ చార్జ్ అవడం లాంటివి ఇందులో కుదరవు.

సైనిక్‌పురిలో నేను వెళ్లే సైకిల్ మెకానిక్ అన్న మొదటిసారి చూసి, "తమ్మీ, మోటార్ నాకు తెల్వదు. చైన్ మాత్రం నా దగ్గరికే తే" అన్నాడు. అప్పటి నుంచి చైన్ ఆయనది, మోటార్ నాది. ఈ ఏర్పాటు బాగుంది కానీ అందరికీ కుదరదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం చిరాకు అనుకునేవాళ్లకి సొంత బిల్డ్ వద్దు. వాళ్లకి వారంటీ ఉన్న రెడీమేడ్ హబ్ మోటార్ సైకిలే మంచిది, అది నా 69,000 కన్నా చాలా తక్కువలో వస్తుంది.

రెడీమేడ్ మిడ్-డ్రైవ్ కొనొచ్చు కదా అంటారా? 2019లో హీరో, యమహా కలిసి లెక్ట్రో ఈహెచ్‌ఎక్స్20 అనే మిడ్-డ్రైవ్ సైకిల్ తెచ్చాయి. ధర 1.30 లక్షలు. ఆ డబ్బుకి స్కూటరే వస్తుంటే సైకిల్ ఎవరు కొంటారు? మన దగ్గర మిడ్-డ్రైవ్ అంటే ఇప్పటికీ ఎక్కువగా సొంత బిల్డే. అందుకే ఈ బిల్డర్ల బాధ్యత కూడా ఎక్కువ.

దేనికి వాడుతున్నానంటే

యాప్రాల్ నుంచి హైటెక్ సిటీకి దీని మీద వెళ్తారా అని చాలామంది అడుగుతారు. వెళ్లను. ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి అది. 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది గానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. మాకు దాని ఫొటోలే దగ్గర.

మాకు పనికొచ్చింది అదే ఏడాది ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్-మేడ్చల్ ఎంఎంటీఎస్. ఆఫీసుకి వెళ్లాల్సిన రోజుల్లో అమ్ముగూడ స్టేషన్ దాకా సైకిల్, అక్కడి నుంచి రైలు. మిగతా రోజుల్లో సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్, ఈసీఐఎల్ పనులన్నీ దీని మీదే. ఇవన్నీ రెండు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరాలు. ఈ దూరాల్లో 45 వేగం వల్ల మిగిలేది రెండు నుంచి ఎనిమిదిన్నర నిమిషాలు. అదీ స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, కంటోన్మెంట్ చెక్‌పోస్టులు దయతలిస్తే.

చట్టం కూడా కొంచెం మారాలి

ఇప్పటిదాకా బిల్డర్లకి చెప్పా, ఇప్పుడు ప్రభుత్వానికి. ఆ 2(యు) క్లాజ్‌లో ఇంకో షరతు ఉంది. పవర్, వేగం హద్దుల్లో ఉన్నాయని గుర్తింపు ఉన్న టెస్టింగ్ ఏజెన్సీ, అంటే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ, ధ్రువీకరించాలి. వేల సైకిళ్లు తయారు చేసే కంపెనీకి అది సరే. ఒక్క సైకిల్ బిగించుకున్న మనిషి పుణె ఎలా వెళ్తాడు? నాది కూడా ఆ గడప తొక్కని సైకిలే. 250, 25, రిఫ్లెక్టర్లు, బ్రేకులు అన్నీ పాటించినా కాగితం లేదు. హద్దులో ఉన్న నాకూ కాగితం లేదు, హద్దు దాటినవాడికీ లేదు. ఇద్దరం ఒకటే అయినప్పుడు హద్దులో ఉండమని కుర్రాళ్లకి చెప్పడం కష్టం.

బ్రిటన్‌లో ఇంట్లో తయారు చేసుకున్న బళ్లని ఒక్కొక్కటిగా పరీక్షించి అనుమతిచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర సైకిల్‌కి అంత పెద్ద ఏర్పాటు కూడా అక్కర్లేదు. మోటార్ రేటింగ్ ప్లేట్, రోలర్ మీద స్పీడ్ టెస్ట్, బ్యాటరీ బిల్లు, బ్రేకులు. ఒక ఆర్టీఏ ఆఫీసులోనో, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనో అరగంట పని. చిన్న ఫీజు, ఒక స్టిక్కర్. అది వస్తే మోటార్ అమ్మేవాడు "కట్ ఆఫ్ తీసేస్తా తమ్ముడూ, ఫ్రీ" అని చెప్పే ముందు ఆలోచిస్తాడు. బ్యాటరీ చేసేవాడు బిల్లు మీద సెల్ పేరు రాస్తాడు. నాకు స్టిక్కర్ కన్నా ఆ బిల్లే ముఖ్యం.

ఫైనల్‌గా

ఎత్తులున్న ఏరియాలో ఉంటారు, రోజుకి 20 కిలోమీటర్ల లోపు తిరుగుతారు, టూల్స్ అంటే ఇష్టం, 70,000 దాకా పెట్టగలరు. ఈ నాలుగూ మీకు వర్తిస్తే 250 వాట్ల మిడ్-డ్రైవ్ బిల్డ్ చేసుకోండి, కచ్చితంగా నచ్చుతుంది. రోడ్డు చదును, బడ్జెట్ తక్కువ అయితే రెడీమేడ్ హబ్ మోటార్. 40 పైన వేగం కావాలంటే నంబర్ ప్లేట్ ఉన్న స్కూటర్.

1000 వాట్ల కిట్ కార్ట్‌లో పెట్టుకుని ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. మోటార్ ధరకీ, 250 వాట్ల మోటార్ ధరకీ తేడా ఎంతో చూడండి. ఆ తేడాని బ్యాటరీ బడ్జెట్‌కి కలపండి. అప్పుడు ఎలాంటి సెల్స్ వస్తాయో కనుక్కోండి. ఆ ప్యాక్ రోజూ ఉండేది మీ ఇంట్లో, మీవాళ్ల మధ్యే కదా.